డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు

ఆంధ్రదేశం ప్రపంచ వైద్యవిజ్ఞానానికి సమర్పించిన మహనీయులలో డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. తానూ ఆ వ్యాధి పాలై, డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురి అయినందున, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

అమెరికా చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తమూత్రాదులలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధమైంది.

అయితే జీవకణాల వృద్ధికి తోడ్పడే ఈ విటమిను, రక్తకేన్సరు కణాలకూ అవసరమే. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పని మాత్రం చేయని పదార్థాన్ని ఇచ్చినచో ఆ కణాల వృద్ధి ఆగిపోవలెను గదా! ఈ ఆలోచన నుండి వెలువడినదే అమినాప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకేన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. ఈ ఫలితం 1948 జూన్‌లో ప్రకటితమైంది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలే.

ఆ మందు పనిచేసే తీరును కంటితో చూచే భాగ్యం ఆయనకు లభించలేదు. ప్రతి ఎంజైములోను తన పదార్థం ఇమిడే ఒక గుంట ఉంటుంది. తాళంలో తాళంచెవి వలె ఆ పదార్థం అందులో అమరుతుంది. సరిపోలిన నకిలీ చెవి అందులో ఇరుక్కొంటే ఎంజైము స్తంభిస్తుంది. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇట్లు ఎంజైములో ఇరుక్కొన్న దృశ్యాన్ని 1977లో ఎక్స్‌కిరణాల సహాయంతో శాస్త్రజ్ఞులు నిరూపించారు.

మాంసకృత్తులను ఛేదించే ఎంజైముల విషయంలోను ఈ సూత్రమే ఉపకరించింది. మన జీర్ణాశయంలోని పెప్సిన్ ఆ జాతిదే. ఎయిడ్స్ వైరస్ కూడా పొడవైన మాంసకృత్తు గొలుసును తన ఎంజైముతో ఖండించుకొంటేనే పరిపక్వమవుతుంది. ఆ ఎంజైము నిర్మాణం 1989లో తెలియగా, దాని గుంటను మూసివేసే మందులు 1995 నుండి వాడుకలోకి వచ్చి అసంఖ్యాకుల ప్రాణాలు నిలిపాయి. సుబ్బారావుగారు ఆ ఎంజైములపై పరిశోధించలేదు. కాని నకిలీతో అసలును అడ్డగించే మార్గంలో ఆయన తొలి బాటసారులలో ఒకరు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఆరోగ్యకేంద్రాలలో గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉన్నది. డెల్టా ప్రజలను పీడించిన బోదకాలు వ్యాధికి వాడే డి.ఇ.సి. మందు, 1947లో ఆయన బృందం హెట్రజాన్ పేరుతో అందించినదే. వాటిని మింగేవారిలో ఆయన పేరు ఎరిగినవారు అరుదు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలాబిళ్ల వెలువరించింది. విజ్ఞానశాస్త్రం అభ్యసించే మన విద్యార్థులు ఈ తెలుగువాని జీవితాన్ని తప్పక తెలిసికొనవలెను.