డెల్టాకు ప్రాణం పోసిన కాటన్ దొర

సార్వాకు కాలువలు వదిలే రోజు వచ్చిందంటే గోదావరి డెల్టా రైతుకు ముందుగా గుర్తొచ్చే పేరు కాటన్ దొర. పరాయి దేశంలో పుట్టి, పరాయి ప్రభుత్వం కొలువులో ఇక్కడికి వచ్చిన ఇంజనీరు ఆయన. అయినా పలు గ్రామాల్లో కాలువ గట్లమీద, కూడళ్లలో ఆయన విగ్రహాలు వెలిశాయి. గోదావరి రేవుల్లో స్నాన సంకల్పం చెప్పే పురోహితులు సైతం ఆయనను భగీరథునితో పోల్చి స్మరించడం తరతరాల ఆచారం. ఒక ఇంజనీరుకు ఇంతటి ఆదరణ ఎలా దక్కిందో ఈ తరం వారు తెలుసుకోవలసి ఉంది.

పదకొండుమందిలో పదవవాడు

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదకొండుమంది అన్నదమ్ముల్లో ఆర్థర్ పదవవారు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరారు. చదువు ముగించి, వేల్సులో సర్వే పని నేర్చుకుని, 1821లో మద్రాసులో దిగారు. రామేశ్వరం దగ్గర పాంబన్ జలమార్గాన్ని పరిశీలించారు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పాల్గొన్నారు.

ఆ తరువాత ఆయనకు అప్పగించిన కావేరి పని ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది. తంజావూరు సీమలో చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను ఆయన నిశితంగా పరిశీలించారు. అడుగున రాతినేల తగలకపోయినా, ఇసుకమీదనే రాళ్లు పేర్చి కట్టిన కట్టడం శతాబ్దాల వరదలకు నిలిచింది. తమ దేశపు పుస్తకాల్లో లేని ఈ విద్యను మన పూర్వుల దగ్గరే నేర్చుకున్నానని ఆయన దాచుకోలేదు. ఆ పద్ధతిలోనే 1836 నాటికి కొల్లిడం నదిపై రెండు ఆనకట్టలు కట్టించారు. మద్రాసు చేరువలో రాళ్లు మోయడానికి వేసిన రెడ్ హిల్స్ రైలుమార్గం కూడా ఆయన చేతిమీదుగా జరిగినదే. మన దేశంలో తొలి రైలుమార్గం అదేనని చెబుతారు.

ఎండలకు, జ్వరాలకు ఆరోగ్యం చెడగా సెలవుమీద ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా దీవికి వెళ్లారు. అక్కడ 1841లో ఎలిజబెత్ లియర్‌మాంత్‌ను వివాహమాడారు. మరుసటి సంవత్సరం అక్కడే కుమార్తె జన్మించింది. భార్యతో, పసిబిడ్డతో తిరిగి మన దేశం వచ్చారు. విశాఖపట్నంలో సముద్రపు కోత పని చూసిన మీదట 1844లో ప్రభుత్వం ఆయనను గోదావరికి పంపింది.

నాటి గోదావరి సీమ

అప్పటి జిల్లా పరిస్థితి వర్ణనాతీతం. 1833 ప్రాంతపు నందన కరువు గుంటూరు సీమతోపాటు ఇక్కడి పల్లెలనూ పీల్చి పిప్పి చేసింది. 1839 తుపానులో కోరంగి రేవుమీద ఉప్పెన విరుచుకుపడింది. 1821లో ఏడు లక్షలు దాటిన జిల్లా జనాభా 1841 నాటికి ఆరు లక్షల లోపుకు పడిపోయింది. వరద వస్తే పొలాలు మునగడం, వరద తీస్తే ఎండిపోవడం. నిండు గోదావరి కళ్లెదుటే సముద్రంలో కలుస్తుంటే, గట్టున ఉన్న రైతు వాన చినుకు కోసం ఆకాశం వంక చూడవలసిన దుస్థితి.

కాటన్ డెల్టా అంతా తిరిగి మెరక ఏది, పల్లం ఏదో కొలతలు తీయించారు. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కడితే కరువు తీరుతుందని, ప్రభుత్వానికి శిస్తు రాబడి సైతం పెరుగుతుందని లెక్కలతో నివేదిక సమర్పించారు. అంత డబ్బు ఇసుకలో పోయడమేమిటని సందేహించిన వారు లేకపోలేదు. చివరకు 1846 డిసెంబరులో అనుమతి లభించింది.

ఇసుకపై రాతి గోడ

1847లో పని మొదలైంది. లంకలతో కలిపి అక్కడ నది వెడల్పు దాదాపు నాలుగు మైళ్లు. ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా విడదీశారు. రాతికట్టడం పొడవు మొత్తం రెండుంబావు మైళ్లు, ఎత్తు పన్నెండు అడుగులు. ఇసుకలో బావులు దింపి పునాది వేశారు. ధవళేశ్వరం కొండ రాయిని పట్టాలమీద బళ్లలో నది ఒడ్డుకు చేర్చారు. వేలాది కూలీలు చెమటోడ్చారు. కూలీలను కూడగట్టడంలో, పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్నను కూడా డెల్టా వాసులు మరువరాదు.

పని నడుమ 1848లో కాటన్ ఆరోగ్యం మళ్లీ దెబ్బతిన్నది. కెప్టెన్ ఓర్‌కు బాధ్యత అప్పగించి సెలవుమీద వెళ్లవలసి వచ్చింది. 1850లో తిరిగి వచ్చి పని అందుకున్నారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం తలలాకుల నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు పారింది. వైనతేయ పాయను దాటించి నీరు ఇవ్వడానికి గన్నవరం వద్ద 49 కమానుల అక్విడక్టు కట్టారు. కాలువల్లో పడవలు తిరిగాయి. పండిన ధాన్యం కాకినాడ రేవుకు చేరింది. కాటన్ పట్టుదల ఫలితంగానే బెజవాడ వద్ద కృష్ణకూ ఆనకట్ట వచ్చింది. దానిని ఓర్ 1855లో పూర్తి చేశారు.

మెప్పులూ, ఎదురుదెబ్బలూ

1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది. అయితే ఆయన తలపెట్టినవన్నీ సఫలం కాలేదు. ఆయన ప్రోత్సాహంతో ఒక కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ ఆదాయం తేలేక నష్టాల పాలైంది. 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చింది. నాడు దండగమారి అనిపించుకున్న ఆ కాలువ కిందనే తరువాత రాయలసీమ రైతులు పంటలు పండించుకున్నారు.

రైళ్లకు కోట్లు పోసేకంటే కాలువలు తవ్వితే కరువు చావులు తప్పుతాయని, నదులను ఒకదానితో ఒకటి కలపాలని కాటన్ వాదించారు. రైలు ధాన్యాన్ని మోస్తుందే గాని పండించదన్నది ఆయన వాదన సారం. 1876-78 నాటి ధాత కరువులో లక్షలాది మంది చనిపోయారు. 1878లో, 75 ఏళ్ల వయస్సులో, ఇంగ్లండు పార్లమెంటు సంఘం ఎదుట నిలబడి అవే మాటలు వినిపించారు. విమర్శకులు ఆయన లెక్కలను తప్పుపట్టారు. ఆయన మాత్రం వెనుకకు తగ్గలేదు.

చివరి రోజులు డోర్కింగ్ అనే ఊళ్లో కుటుంబంతో గడిపారు. అక్కడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తూ దిగుబడి పెంచే ప్రయోగాలు సాగించారు. 1899 జులై 24న 96వ ఏట కన్నుమూశారు. తండ్రి జీవిత చరిత్రను టాస్మేనియాలో పుట్టిన ఆ కుమార్తే, లేడీ హోప్ పేరుతో, 1900లో ప్రచురించారు.

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజికి ఆయన పేరే పెట్టారు. దానికింద సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. విగ్రహానికి దండ వేయడం మంచిదే. కాని కాలువలో గుర్రపుడెక్క తీసి, గట్టు తెగకుండా కాచి, చివరి చేను దాకా నీరు అందనిచ్చిన నాడే కాటన్ దొర రుణం కొంతైనా తీరినట్లు.