పన్ను పదింతలైంది, ఊరు ఖాళీ అయింది: దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చెప్పే మున్సిపల్ పాఠం

మున్సిపాలిటీకి డబ్బు చాలకపోతే ఏం చేస్తుంది? పన్ను పెంచుతుంది, ప్రభుత్వాన్ని గ్రాంటు అడుగుతుంది, లేదా పనులు ఆపేస్తుంది. మరి ఆ పన్ను కట్టే శక్తి జనానికి లేకపోతే? వందేళ్ల క్రితం చీరాలలో ఈ ప్రశ్న ఎదురైంది. దానికి జవాబు వెతికిన నాయకుడు ‘ఆంధ్రరత్న’ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఎవరీ దుగ్గిరాల?

1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. స్కాట్లాండ్‌లోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. తిరిగొచ్చాక రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఉద్యోగాల్లో ఎక్కువ కాలం నిలవలేదు. చీరాలలో స్థిరపడి, ‘రామదండు’ పేరుతో స్వచ్ఛంద సేవకుల దళాన్ని తయారుచేశారు.

గొడవ ఎక్కడ మొదలైంది?

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి అప్పట్లో ఒక యూనియన్‌గా ఉండేవి. యూనియన్ అంటే మున్సిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థ. ఏటా వసూలయ్యే పన్ను సుమారు 4 వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలను మున్సిపాలిటీగా మార్చింది. దాంతో పన్నుల భారం 40 వేల రూపాయలకు చేరింది. ఇక్కడి జనంలో చాలామంది నేత పనివారు, చిన్న రైతులు, కూలీలు. హోదా పెరిగింది కానీ వాళ్ల రాబడి పెరగలేదు.

మున్సిపాలిటీ వద్దని ప్రజలు అర్జీలు పెట్టారు. ప్రభుత్వం వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే, జీతం ఇచ్చే ఛైర్మన్‌ను నియమించి పన్ను వసూలుకు దిగింది. దుగ్గిరాల నాయకత్వంలో జనం పన్ను కట్టడం మానేశారు. పలువురిని జైలుకు పంపారు. వారిలో రావూరి అలమేలుమంగమ్మ కూడా ఉన్నారు.

1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. అహింసగా పోరాడటం, లేదంటే మున్సిపల్ హద్దులు దాటి వెళ్లిపోవడం అనే దారులు చూపారు. హద్దుల్లో ఉంటేనే కదా పన్ను! దుగ్గిరాల రెండో దారి ఎంచుకున్నారు. దాదాపు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ఇళ్లు వదిలి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామ్‌నగర్ అని పేరు పెట్టారు.

రామ్‌నగర్ ఎందుకు నిలవలేదు?

ఇప్పుడు ఖర్చు దుగ్గిరాల వంతైంది. పాకలు, కాపలా, పారిశుద్ధ్యం, పేదల తిండి అన్నీ చూడాలి. రామదండు క్రమశిక్షణతో పనిచేసింది. జనం ఇష్టపూర్వకంగా నిలబడ్డారు. కానీ స్థిరమైన రాబడి లేదు, ఆధారమంతా విరాళాలే. ఇంతలో బరంపురం వెళ్లిన దుగ్గిరాలను అరెస్టు చేసి ఏడాది జైలు శిక్ష వేశారు. ఎండలు, వానలు, చలి పాకల్లోనే గడిపిన జనం దాదాపు 11 నెలల తర్వాత పాత ఇళ్లకు తిరిగి వెళ్లారు.

జైలు నుంచి వచ్చాక దుగ్గిరాల కాంగ్రెస్ పనిలోనే ఉన్నారు. ఆస్తి కూడబెట్టలేదు. 1928 జూన్ 10న, 39 ఏళ్లకే, క్షయతో మరణించారు.

ఇప్పటికి దీంతో పనేంటి?

చీరాల మున్సిపాలిటీకి పన్ను వేసే అధికారం ఉంది, ప్రజల సమ్మతి లేదు. రామ్‌నగర్‌కు సమ్మతి ఉంది, రాబడి లేదు. రెండూ ఇబ్బంది పడ్డాయి.

ఈ రెంటినీ కలపడానికే నేటి ఏర్పాట్లు. 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఎన్నికైన కౌన్సిల్ ఉండాలి. రాష్ట్ర పన్నుల్లో స్థానిక సంస్థల వాటా ఎంతో సిఫార్సు చేయడానికి ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేయాలి. ఆస్తి పన్ను, నీటి ఛార్జీలు సొంత రాబడి. కౌన్సిల్‌కు ఎన్నికలు జరగకపోయినా, ఆర్థిక సంఘం సిఫార్సులు పక్కన పడినా భారం మళ్లీ ఇంటి పన్ను రసీదు మీదికే వస్తుంది. మీ వార్డు హద్దులు పెరిగినా, మీ పంచాయతీ మున్సిపాలిటీగా మారినా, ముందు అడగాల్సినవి రెండే: పన్ను ఎంత పెరుగుతుంది, బదులుగా ఏ సేవ వస్తుంది?