ప్రపంచానికి హై ఫైవ్ ఇచ్చాడు.. ఆటలో మాత్రం మిగల్లేదు! గ్లెన్ బర్క్ కథ తెలుసా?

వికెట్ పడగానే బౌలర్ చెయ్యి పైకి లేస్తుంది. పరిగెత్తుకొచ్చిన కీపర్ దాన్ని టప్‌మని చరుస్తాడు. ఎగ్జామ్ పాసైన పిల్లలూ అదే చేస్తారు. ఈ హై ఫైవ్ ఎక్కడ మొదలైందని అడిగితే అమెరికాలో ఎక్కువగా వినిపించే పేరు ఒకటే.. గ్లెన్ బర్క్.

1977 అక్టోబర్ 2. లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియం. బేస్‌బాల్ లీగ్ మ్యాచ్‌లకు అదే ఆఖరి రోజు. డాడ్జర్స్ ఆటగాడు డస్టీ బేకర్ ఆ సీజన్‌లో తన 30వ హోమ్ రన్ కొట్టాడు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదే అనుకోండి. ఒకే జట్టులో నలుగురు 30 చొప్పున కొట్టడం అదే తొలిసారి! తర్వాత బ్యాటింగ్‌కు దిగాల్సిన బర్క్ ఆనందం పట్టలేక చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. ఏం చేయాలో తోచని బేకర్ ఆ చేతిని చరిచాడు. ఆ వెంటనే బర్క్ కూడా హోమ్ రన్ కొట్టాడు, పెద్ద లీగ్‌లో అతనికి అదే మొదటిది. ఈసారి చెయ్యెత్తడం బేకర్ వంతు. బాస్కెట్‌బాల్ వాళ్లు హై ఫైవ్ తమదేనంటారు, ఆ గొడవ ఇంకా తేలలేదు. అదే నెలలో వరల్డ్ సిరీస్ తొలి మ్యాచ్‌లోనూ బర్క్ ఆడాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా నిండలేదు.

1952లో ఓక్లాండ్‌లో పుట్టిన నల్లజాతి కుర్రాడు. స్కూల్లో బాస్కెట్‌బాల్ స్టార్. డాడ్జర్స్ డ్రెస్సింగ్ రూమ్‌లో పాటలు పెట్టేదీ, అందర్నీ నవ్వించేదీ అతనే. కానీ మ్యాచ్ అయ్యాక మాత్రం ఒంటరిగా మాయమయ్యేవాడు. తనకు ఆడవాళ్ల మీద కాదు, మగవాళ్ల మీదే ఇష్టమని ఇరవై దాటాక అర్థమైంది. ఒప్పుకోవడానికి చాలా ఏడ్చాడు. ఒప్పుకున్నాక ఇంకో భయం పట్టుకుంది.. తోటివాళ్లకు తెలిస్తే? గే బార్‌కి వెళ్లినా ఎవరైనా గుర్తుపడతారేమోనని బెదురు.

దాచినా ఆగుతుందా? మేనేజ్‌మెంట్ చెవిన పడింది. పెళ్లి చేసుకుంటే హనీమూన్‌కు మంచి మొత్తం ఇస్తామని జనరల్ మేనేజర్ అల్ కంపానిస్ ఆశ పెట్టాడని బర్క్ తర్వాత చెప్పాడు. మన దగ్గర ఇంట్లోవాళ్లు పెళ్లి కోసం వెంటపడతారు, అక్కడ టీమే ఆ పని చేసిందన్నమాట! బర్క్ నవ్వేసి వద్దన్నాడు. 1978 మేలో అతన్ని ఓక్లాండ్ అథ్లెటిక్స్‌కు ఇచ్చేశారు. డాడ్జర్స్ డ్రెస్సింగ్ రూమ్‌లో కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. అందరూ ఇష్టపడే ఆటగాణ్ని ఎందుకు పంపేశారన్నది వాళ్లకు అర్థం కాని ప్రశ్న. మేనేజర్ టామీ లసోర్డా కొడుకుతో తన స్నేహం కూడా ఒక కారణమని బర్క్ నమ్మాడు.

సొంతూరికి వచ్చినా కష్టం తీరలేదు. 1980లో మేనేజర్‌గా వచ్చిన బిల్లీ మార్టిన్ అందరి ముందే అతన్ని బూతు మాటతో పరిచయం చేశాడని చెబుతారు. మోకాలి గాయం, చిన్న లీగ్‌కు పంపడం.. ఇక చాలనుకుని ఆట వదిలేశాడు. నాలుగు సీజన్లు, 225 మ్యాచ్‌లు. కెరీర్ మొత్తం అంతే.

ఇక్కడ ఒక్క మంచి మాట. శాన్‌ఫ్రాన్సిస్కోలో గేలు ఎక్కువగా ఉండే కాస్ట్రో ప్రాంతం అతన్ని హీరోలా చూసుకుంది. అక్కడ ఎవరికీ ఏదీ దాచాల్సిన పని లేదు. వీధిలో కనిపించినవాళ్లందరికీ హై ఫైవ్ ఇచ్చేవాడు. 1982లో ఒక మ్యాగజైన్ ద్వారా తన విషయం దేశానికే చెప్పేశాడు. పెద్ద లీగ్‌లో ఆడిన బేస్‌బాల్ ప్లేయర్ ఒకరు ఇలా బయటకు రావడం అదే తొలిసారి. అదే ఏడాది మొదలైన గే గేమ్స్‌లో పరుగు పందేల్లో పతకాలు కూడా గెలిచాడు.

తర్వాత అంతా జారుడే. 1987లో రోడ్డు దాటుతుంటే కారు గుద్ది కాలు నుజ్జయింది. ఇక పరుగు లేదు. కొకైన్, దొంగతనం, జైలు. ఒకప్పుడు హీరోగా తిరిగిన వీధుల్లోనే ఇల్లు లేక పడుకున్నాడు. ఆపైన ఎయిడ్స్. అక్క చేరదీసి చూసుకుంది. సంగతి తెలిసి ఓక్లాండ్ క్లబ్ కూడా సాయం చేసింది. 1995 మే 30న చనిపోయాడు. వయసు 42 ఏళ్లే.

ఆటలో టాలెంట్ సరిపోక వెళ్లిపోయాడని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అతని బ్యాటింగ్ లెక్కలు గొప్పవేం కాదు, నిజమే. కానీ పాతికేళ్ల కుర్రాడికి నిలదొక్కుకునే టైమే ఇవ్వలేదు కదా!

2022 జూన్‌లో డాడ్జర్స్ టీమ్ అదే స్టేడియానికి బర్క్ కుటుంబాన్ని పిలిచి అతన్ని గౌరవించింది. అప్పటికి అతను పోయి 27 ఏళ్లు.