వృక్షశాస్త్ర తపస్వి విలియం రాక్స్‌బర్గ్

వేసవిలో పొదిలి పరిసరాల మెట్టభూములు, పడమటి దిక్కున నల్లమల వైపు సాగే చిట్టడవులు ఎండి బోసిపోయి కనిపిస్తాయి. తొలకరి జల్లులు పడగానే అదే నేల నుండి పేరు తెలియని తీగెలెన్నో తలలెత్తుతాయి. ఆకులు రాలి, కాడలు ఎండినా దుంపలో ప్రాణాన్ని దాచుకొని ఏటేటా చిగురించే బహువార్షిక మొక్కలవి. వాటిలో కొన్నింటి దుంపలు కరవుకాలంలో ఆకలి తీర్చేవి. మరికొన్నింటి దుంపలు ప్రాణాలు తీసేవి. కనుక మొక్కను నిశ్చయంగా గుర్తించడం పండితుల కాలక్షేపం కాదు, ప్రాణావసరం. తెలుగునేలపై ఆ గుర్తింపును శాస్త్రంగా తీర్చిదిద్దిన తొలితరం వారిలో అగ్రగణ్యుడు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడిగా ఆయన ప్రసిద్ధికెక్కాడు.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్ దేశంలోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరోలో వైద్యవిద్య అభ్యసించాడు. ఆ రోజుల్లో ఔషధాలలో అధికభాగం మొక్కల నుండే లభించేది. అందువల్ల వైద్య విద్యార్థులకు వృక్షశాస్త్రం తప్పనిసరిగా తెలియవలసి ఉండేది. జాన్ హోప్ అనే ఆచార్యుని బోధన ఆయన మనసులో మొక్కలపై తీరని మక్కువను నాటింది. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసులో ఉద్యోగ జీవితం ప్రారంభించి, 1781లో గోదావరి మండలంలోని సామర్లకోటకు చేరాడు.

సామర్లకోట ఆయనకు ఉద్యోగస్థానమే కాదు, ప్రయోగశాల కూడా అయింది. అక్కడ ఒక తోటను పెంచి, మిరియం, కాఫీ, దాల్చిన, మల్బరీ మొదలైన మొక్కలను నాటి పరిశీలించాడు. రాజమహేంద్రవరం సమీపంలోని కొండలలో సహజంగా పెరిగే మిరియపు తీగెను గుర్తించి సాగుచేయడానికి పూనుకున్నాడు. కంపెనీ కోరినది వాణిజ్య లాభం. రాక్స్‌బర్గ్ దృష్టి మాత్రం లాభం తెచ్చే మొక్కల వద్దనే ఆగిపోలేదు. పొలంగట్లపై పూచే చిన్న గడ్డిపువ్వు కూడా ఆయన పరిశీలనకు పాత్రమైంది.

ఆయన మార్గం సుగమంగా సాగలేదు. లిన్నేయస్ శిష్యుడూ, రాక్స్‌బర్గ్‌కు ఆత్మీయుడూ అయిన కోనిగ్ 1785లో కాకినాడ సమీపంలోని జగన్నాథపురంలో వ్యాధిగ్రస్తుడై మరణించాడు. చివరి దినాలలో ఆయనకు చికిత్స చేసినవాడు రాక్స్‌బర్గే. ఇంజరంలో నివసించిన కాలంలో వరద ముంచెత్తి రాక్స్‌బర్గ్ పుస్తకాలను, వ్రాతప్రతులను నాశనం చేసింది. ఏళ్ల తరబడి సేకరించినదంతా నీటిపాలైనా ఆయన నిరాశకు లోనుకాక, మళ్లీ మొదటి మొక్క నుండి పని ఆరంభించాడు.

ఒక్కొక్క మొక్కకు వేరు నుండి విత్తనం వరకు వివరణ వ్రాశాడు. స్థానిక చిత్రకారుల చేత వర్ణచిత్రాలు గీయించాడు. ప్రజలు పిలిచే తెలుగు పేర్లను శ్రద్ధగా నమోదు చేశాడు. సోమిద చెట్టు బెరడు జ్వరచికిత్సలో సింకోనా బెరడుకు బదులుగా ఉపకరించగలదని సూచించాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ తెలుగు పేరునే గ్రహించి ఆ ప్రజాతికి సోయ్‌మిడా అని నామకరణం చేశారు. ఆయన సేకరించిన చిత్రాలలో కొన్ని, కోరమండల్ తీరపు మొక్కలను గూర్చిన గ్రంథంగా 1795 నుండి లండన్‌లో వెలువడ్డాయి. మూడు సంపుటాలలో 300 చిత్రాలు గల ఆ గ్రంథం నేటికీ ప్రామాణికమే. వాటికి ప్రాణం పోసిన సామర్లకోట చిత్రకారుల పేర్లు మాత్రం మరుగునపడిపోయాయి.

ఆ గ్రంథపు తొలి సంపుటంలోనే సెరోపీజియా బల్బోసా అనే దుంపతీగె చిత్రం ఉంది. దాని పువ్వు సన్నని గొట్టంలా ఉండి, అడుగున ఉబ్బి, పైన రేకుల కొనలు కలిసిపోయి చిన్న లాంతరును తలపిస్తుంది. లోపలికి దూరిన చిన్న ఈగలను గొట్టంలోని వెంట్రుకలు కొంతకాలం బంధిస్తాయి. అవి వాడిన పిదప ఈగలు పుప్పొడితో బయటపడతాయి. ఈ తీగె దుంప తినదగినది. అదే చిట్టడవిలో పెరిగే అడవినాభి దుంప మాత్రం ఘోరమైన విషం. పువ్వు లేనప్పుడు సైతం దాని ఆకుకొన నులితీగెగా చుట్టుకోవడాన్ని బట్టి, నాగలివలె వంగిన దుంపను బట్టి అడవినాభిని గుర్తించవచ్చు.

అయితే గుర్తింపులో మహాపండితులు సైతం పొరబడవచ్చు. సెరోపీజియా బల్బోసా ఆకులు ఒకచోట గుండ్రంగా, మరొకచోట సన్నగా ఉంటాయి. సన్నని ఆకుల తీగెను రాక్స్‌బర్గ్ వేరొక జాతిగా భావించి మరో పేరు పెట్టాడు. అవి రెండూ ఒకే జాతి అని తరువాతివారు నిర్ణయించారు. ఆకును మాత్రమే చూసి మొక్కను నిర్ణయించరాదన్న పాఠం ఇందులో ఉంది. ఆయన వివరణలు, చిత్రాలు అంత సమగ్రంగా ఉన్నందువల్లనే ఆ దిద్దుబాటు సాధ్యమైంది.

1789 తరువాతి సంవత్సరాలలో ఉత్తర సర్కారులను భయంకరమైన క్షామం పీడించింది. అన్నం లేక మనుషులు రాలిపోవడం రాక్స్‌బర్గ్ కళ్లారా చూశాడు. వానలపైనే ఆధారపడిన పైరు విఫలమైనప్పుడు ప్రజలను ఆదుకొనేందుకు కొబ్బరి, పనస, అరటి, సగ్గు వంటివి విరివిగా నాటాలని ప్రభుత్వానికి సూచించాడు. మొక్కల జ్ఞానానికి పరమార్థం మనిషి ప్రాణరక్షణే అని ఆ క్షామం ఆయనకు బోధించింది.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యాన పర్యవేక్షకుడిగా నియమితుడయ్యాడు. అక్కడ రెండు దశాబ్దాలు శ్రమించాడు. రెండున్నర వేలకు పైగా మొక్కల చిత్రాలు ఆయన ఆధ్వర్యంలో సిద్ధమయ్యాయి. ఆరోగ్యం క్షీణించగా 1813లో భారతదేశాన్ని విడిచి, 1815 ఫిబ్రవరి 18న ఎడింబరోలో కన్నుమూశాడు. ఆయన జీవితకాల కృషి అయిన ఫ్లోరా ఇండికా గ్రంథాన్ని ఆయన మరణానంతరం విలియం కేరీ ప్రచురించాడు.

రాక్స్‌బర్గ్ పేరిచ్చిన మొక్కలు నేటికీ తెలుగునాట తొలకరికి చిగురిస్తున్నాయి. దుంపను పెకలిస్తే అనేక సంవత్సరాల పూత ఒక్కనాడే అంతరిస్తుంది. పండిన కాయల నుండి గాలికి ఎగిరే విత్తనాలు కొన్ని సేకరించి, నీరు నిలవని నేలలో నాటి, పాకడానికి ఆసరా కల్పిస్తే ఆ తీగె ఇంటి పెరటిలోనూ పెరుగుతుంది. మొక్కను పెకలించక ముందే తెలుసుకోవడం, తెలుసుకొన్నదాన్ని కాపాడుకోవడం రాక్స్‌బర్గ్ వంటి మహనీయునికి అర్పించదగిన నిజమైన నివాళి.