బెంగళూరులో పుట్టిన 25వ డివిజన్ – జనరల్ తిమ్మయ్య

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు కురిపించాయి. నాటి సేలం జిల్లా కొండల నడుమ ఉన్న అంచెట్టికి ఆ చప్పుడు వినిపించలేదు గాని, దాని ఫలితం పొరుగునే కనిపించింది. ఆగస్టు 1న దక్షిణదేశ రక్షణకై బెంగళూరులో 25వ ఇండియన్ డివిజన్ ఏర్పడింది. నల్ల ఇస్పేటు ఆసు దాని గుర్తు. నాలుగేళ్ళైనా నిండకుండానే, 1946లో, అది రద్దయింది. ఆ కొద్దికాలంలోనే, భారతీయులు యుద్ధభూమిలో పటాలాన్ని నడపగలరా అన్న తెల్లదొరల సందేహానికి అది జవాబు చెప్పింది. ఆ జవాబు చెప్పినవారిలో ఒకరు కోదండేర సుబ్బయ్య తిమ్మయ్య.

ఆయన 1906 మార్చి 31న కొడగు సీమలోని మడికేరిలో జన్మించారు. కూనూరు, బెంగళూరులలో చదివి, ఇంగ్లండులోని శాండ్‌హర్‌స్ట్‌లో శిక్షణ పొంది, 1926లో అధికారి అయ్యారు. చేరినది 19వ హైదరాబాద్ రెజిమెంటు. పేరు చూచి తెలుగువారి దళమనుకోరాదు. అందులో కుమావూనీలు, జాట్లు, అహీర్లే అధికం. ఆనాడు భారతీయ అధికారులను ఎంపిక చేసిన కొన్ని పటాలాలలోనే నియమించేవారు. తెల్లవాడు నల్లవాని ఆజ్ఞకు లోబడే పరిస్థితి రాకూడదన్నదే అందలి ఆంతర్యం.

1944 మార్చిలో డివిజన్ బర్మా పడమటి తీరాన ఉన్న అరకానుకు తరలింది. అక్కడ తిమ్మయ్య 8/19 హైదరాబాద్ పటాలానికి నాయకులయ్యారు. 51వ బ్రిగేడులోని మూడు పటాలాలకూ భారతీయులే అధిపతులు: తిమ్మయ్య, థోరట్, ఎల్.పి. సేన్. బ్రిగేడియరు మాత్రం ఆంగ్లేయుడే. 1945 జనవరి చివర కంగా గ్రామం వద్ద, జపాను సేన తిరుగుదారిని మూసివేసేందుకు, మడ అడవుల నడుమ ఉప్పుకాలువలలో పడవలపై వెళ్ళి దిగి ఘోరంగా పోరాడారు. మువ్వురికీ డి.ఎస్.ఓ. పతకం లభించింది.

ఆ యుద్ధంలోనే తిమ్మయ్య అన్న పొన్నప్ప ఆజాద్ హింద్ ఫౌజులో ఉన్నారు. ఒకే ఇంటి అన్నదమ్ములు చెరొక పక్షాన నిలిచారు. ఎవరిది దేశభక్తియో తూచడం అంత సులభం కాదు.

1948 నవంబరులో పదకొండు వేల అడుగులు మించిన జోజిలా కనుమకు ట్యాంకులు ఎక్కించి గెలిచిన సేనాని ఆయనే. 1957లో సైన్యాధిపతి అయ్యారు. 1959లో రక్షణమంత్రి కృష్ణమీనన్‌తో పొసగక రాజీనామా ఇచ్చి, నెహ్రూ మాటపై వెనక్కు తీసుకొన్నారు. 1961లో విరమించారు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు అధిపతిగా ఉండగా, 1965 డిసెంబరు 18న సైప్రస్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడు ఆ దేశం ఆయన పేర తపాలాబిళ్ళ వెలువరించింది. బెంగళూరు రిచ్‌మండ్ రోడ్డుకు ఆయన పేరే పెట్టారు.