పాటే పరిచర్యగా: పురుషోత్తమ చౌదరి గారు

నల్లగొండ, పాలమూరు జిల్లాలలో పెరిగిన మనలో చాలామందికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమే మొదటి తెలుగు వాచకం. పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. అడుగున రచయిత పేరు చిన్న అక్షరాలలో ఉంటుంది. ఆ పేరు దాకా చూసేవారు తక్కువ. మా పల్లె గుడిలో డోలకు ముందు కూర్చొని పాట ఎత్తే సంఘ పెద్దకు అసలు చదువే రాదు. అయినా ఒక్కొక్క కీర్తనకు ఉన్న చరణాలన్నీ వరుస తప్పకుండా పాడేవాడు. పుస్తకం చూస్తూ పాడే మేము తప్పితే ఆయనే దిద్దేవాడు. ఆయన నోట నిలిచిన పాటలలో చాలా వాటిని వ్రాసిన పురుషోత్తమ చౌదరి గారిని గూర్చి ఈ శతవార్షిక సంచికలో కొంచెం చెప్పుకోవాలని నా కోరిక.

చౌదరి గారు 1803లో గంజాం ప్రాంతంలో పర్లాకిమిడి దగ్గర జన్మించారు. ఆ సీమ ఇప్పుడు ఒడిశాలో ఉంది. అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. వారిది వంగదేశం నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. పెరిగింది ఒడియా, తెలుగు రెండూ వినపడే చోట. ఇన్ని తెలుగు కీర్తనలు మనకిచ్చినవారి పూర్వీకుల భాష తెలుగు కాదన్న మాట. ఇది తలచుకొన్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

ఆయన పుట్టిన రెండేళ్ళకు, 1805లో, లండన్ మిషను వారు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సహాయంతో డెస్ గ్రాంజెస్ దొరగారు తెలుగులోకి మార్చిన సువార్తలు 1812లో అచ్చయ్యాయి. తరువాత చౌదరి గారి చేతికి క్రైస్తవ కరపత్రాలు అందాయి. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ దొరసాని గారి పరిచయం కూడ ఆయనను ప్రభువు వైపు నడిపించింది. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. అప్పటికి ఆయనకు 30 ఏళ్ళు. ఆ రోజులలో బ్రాహ్మణ కుటుంబంలోనివాడు బాప్తిస్మం పొందడమంటే కులం పోవడం, బంధువుల గడప దాటే హక్కు పోవడం. తెలిసే ఆ అడుగు వేశారు. తరువాత సువార్త చెప్పుతూ ఊరూరా తిరిగారు. ఆయన పిలుపు బోధకుడుగానే మొదలైంది. పాట ఆ బోధలోనుండి పుట్టింది.

ఇక్కడ ఒక సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. తొలినాళ్ళలో దొరలు తమ దేశపు పాటలను తెలుగు చేసి, తమ రాగాలలోనే పాడించేవారు. వారి ప్రేమను తప్పుపట్టలేము. కాని ఇంగ్లీషు పాట మాట మీద పడే ఊనికతో నడుస్తుంది. తెలుగు పాట హ్రస్వ దీర్ఘాల కొలతతో నడుస్తుంది. ఆ రాగానికి మన మాటలు అతికితే హ్రస్వం రావలసిన చోట దీర్ఘం పడుతుంది, విరగరాని చోట మాట విరుగుతుంది. పాడేవానికి నోరు తిరగదు, వినేవానికి అర్థం కాదు. చౌదరి గారు కీర్తననే పట్టుకొన్నారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు. ప్రతి చరణం తరువాత మళ్ళీ పల్లవి. చరణం ఎత్తేవాడు ఒక్కడుంటే చాలు, పల్లవి అందుకోవడానికి అక్షరం అక్కరలేదు. నాలుగు ఆదివారాలు పల్లవి అన్న ముసలమ్మకు ఐదో ఆదివారానికి చరణం కూడ వచ్చేస్తుంది.

103వ కీర్తనలో దావీదు తన ప్రాణాన్నే పిలిచి దేవుని సన్నుతించమంటాడు. దానినే చౌదరి గారు దేవ సంస్తుతి కీర్తనగా మలచినప్పుడు పిలుపు మనసుకు పెట్టారు. మనసును పిలిచి బుద్ధి చెప్పడం మన కీర్తనకారుల పాత పద్ధతి. ఖమ్మం సీమ భద్రాచల రామదాసు, కావేరి ఒడ్డు త్యాగరాజు ఆ దారినే నడిచారు. త్యాగరాజు 1847 దాకా జీవించారు గనుక వీరిద్దరూ ఒకే కాలంవారు. గుడిలో వినిపించే రాగాలు ఆరాధనకు పనికివస్తాయా అని శంకించేవారు అప్పుడూ ఉంటారు, ఇప్పుడూ ఉన్నారు. ఆయన మాత్రం దేవుడిచ్చిన రాగాన్ని దేవునికే ఇవ్వడంలో సంకోచపడలేదు. ఇలా 100కు పైగా కీర్తనలు వ్రాశారు.

ఇక మన సీమ మాట. పాలమూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1885లో చ్యూట్ దొరగారితో మొదలైంది. రష్యా నుండి వచ్చిన ఫ్రీసెన్ దొరగారు నల్లగొండలో 1890లో దిగారు. ఆ 1890లోనే చౌదరి గారు ప్రభువునందు నిద్రించారు. ఆయన ఈ ఎర్రనేలలు చూసినట్లు ఎక్కడా వినలేదు. ఆయన పాటలు మాత్రం కోస్తా జిల్లాల నుండి వచ్చిన బోధకుల నోట, వారి సంచులలోని పుస్తకాలలో ఇక్కడికి చేరాయి.

ఎవరి నోటికి చేరాయో కూడ చూడాలి. ఈ సంఘాలలో మొదట చేరినవారు ఎక్కువమంది మాల మాదిగ వాడలవారు. నైజాం పాలనలో పల్లెలో వారికి బడి లేదు, ఊరి గుడిలో అడుగు పెట్టే వీలు లేదు. ఒంగోలు వైపు విశ్వాసులైన మాదిగలు జాతరలలో డప్పు కొట్టబోమని చెప్పి దెబ్బలు తిన్నారు. అటువంటి ఇళ్ళ పిల్లలు ఒక బ్రాహ్మణుని కీర్తనలను, సంస్కృత సమాసాలతో సహా, తమ సొత్తు చేసుకొన్నారు. ఆ మాటలు కొన్ని కష్టమని ఇప్పటి పిల్లలు అంటారు. నిజమే, నాకూ కొన్నిటికి అర్థం ఆలస్యంగానే తెలిసింది. కాని అర్థం తెలియనప్పుడు కూడ ఆ పాట మమ్మల్ని బయట నిలబెట్టలేదు.

మా సంఘ పెద్ద పోయిన తరువాత పాట ఎత్తే పని నామీద పడింది. గొంతు బాగుందని పిలిచారనుకొని కొన్నాళ్ళు గొప్పగా పాడాను. రాగం తిప్పి తిప్పి పాడితే జనం నోరు మూసుకొని వినడం మొదలుపెట్టారు. బాగుందని మెచ్చుకొన్నారు కూడ. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెనుక వరుసలోని ఒక అవ్వ దగ్గరకు వచ్చి, పెద్దాయన ఉన్నప్పుడు మేము కూడ పాడేవాళ్ళం కదా బిడ్డా అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పుస్తకం తీసి చౌదరి గారి కీర్తనలు ఒక్కొక్కటే పాడుకొని చూశాను. పల్లవి ప్రతిసారీ చిన్నదే, అందరికీ అందేదే. పెద్దాయన అక్కడికి రాగానే తన గొంతు తగ్గించి డోలకు మీద దరువు ఒక్కటే ఉంచేవాడు. అది నాకప్పుడు గుర్తుకు వచ్చింది. మరుసటి ఆదివారం చరణం పాడి నేనూ ఆగాను. ఆడవాళ్ళ వైపు నుండి పల్లవి లేచింది, ఆ అవ్వ గొంతు అందరికన్నా ముందు.