నాణెముల చరిత్ర చదివిన సర్ వాల్టర్ ఇలియట్

మన బొయిపరిగుడ ప్రాంతము 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో, జయపురము జమీందారీలో భాగమై యుండెను. కావుననే మన పెద్దల పెట్టెలలోను, మెడలలోని నాణెముల దండలలోను నేటికిని కనబడు పాత నాణెములలో పెక్కు ఇంగ్లీషువారి కాలమునాటివే. వానిని కొందరు కరగింతురు. కొందరు తూకమునకు అమ్ముదురు. మరికొందరు పాత రాగినాణెములకు లేని మహిమల నంటగట్టు మోసగాండ్రను నమ్మి ఉన్న ధనమును పోగొట్టుకొందురు. నాణెమును ఎట్లు పరీక్షింపవలెనో, దానివలన ఏమి తెలిసికొనవచ్చునో తన జీవితముచేత చూపిన పండితుడొకడు మన ఉత్తర సర్కారులలోనే పెక్కేండ్లు అధికారిగా నుండెను. ఆయనయే సర్ వాల్టర్ ఇలియట్. ఆయన చరిత్రను మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుట మంచిదని మేము తలంచితిమి.

ఇలియట్ 1803వ సంవత్సరము జనవరి 16వ తేదీన స్కాట్లండు దేశములోని ఎడింబరో నగరమున జన్మించెను. ఇంగ్లండులో హెయిలీబరీయందలి ఈస్టిండియా కంపెనీ కళాశాలలో చదివి, 1821లో మద్రాసు చేరెను. అచ్చటి సెంటు జార్జి కోట కళాశాలలో తమిళ, హిందుస్తానీ భాషలను చక్కగా నేర్చినందుకు ఆయనకు వేయి వరహాల బహుమాన మీయబడెను. 1818 వరకు మద్రాసులో లెక్కలకు వరహాయే ప్రమాణము. ఒక వరహాకు మూడున్నర రూపాయలు. చాళుక్యరాజుల బంగారు నాణెములపై నుండిన వరాహ చిహ్నమును బట్టి ఆ పేరు వచ్చినదని పండితు లందురు. ఆ చాళుక్యుల చరిత్రను వెలికిదీయుటకే తాను ముందుముందు ఏండ్ల తరబడి శ్రమింపగలనని ఆ యువకు డప్పు డెరుగడు.

1823లో సేలము జిల్లాలో ఉద్యోగమున ప్రవేశించి, త్వరలోనే ఆయన కన్నడ, మరాఠీ భాషలు మాటలాడు దక్షిణ మహారాష్ట్ర ప్రాంతమునకు మార్పబడెను. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ కంపెనీవారి నెదిరించినపుడు జరిగిన పోరులో థాకరే అను అధికారి మరణించెను. ఇలియట్, స్టీవెన్సన్ అను సహోద్యోగితో కూడ బందీగా పట్టుబడి కొన్ని వారములు నిర్బంధములో నుండెను. అట్టి అనుభవము కలిగిన వెనుకను ఆయనకు ఆ దేశముపై విముఖత కలుగలేదు. 1833 వరకు అచ్చటనే యుండి, దేవాలయములలోని రాతిశాసనములకు ప్రతులు వ్రాయించుచు వచ్చెను. అట్లు కూర్చిన శాసనముల ఆధారముతో చాళుక్యుల వంశక్రమమును నిర్ణయించుచు వ్రాసిన వ్యాసము 1837లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను.

శాసనములకును నాణెములకును సంబంధ మేమని విద్యార్థు లడుగవచ్చును. మన పూర్వరాజుల నాణెములలో పెక్కింటిపై సంవత్సర ముండదు. కొన్నిటిపై రాజు పేరును ఉండదు. ఒక జంతువు గుర్తో, రెండు మూడు అక్షరములో మాత్రమే కనబడును. ఆ గుర్తు శాసనముపైని రాజముద్రలో కనబడినచో నాణెము ఏ వంశమువారిదో ఊహింపవచ్చును. అక్షరముల రూపమును శాసన లిపితో పోల్చినచో దాని కాలము తెలియును. లోహము, బరువు, ముద్ర, లిపి, దొరికిన చోటు - ఈ ఐదును సాక్షులు. ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పరాదు.

1845లో గుంటూరు జిల్లాలో శిస్తు రాబడి తగ్గి ప్రజలు దీనస్థితిలో నుండగా, కారణములు విచారించుటకు ప్రభుత్వము ఇలియట్‌ను పంపెను. జమీందారుల దుబారాయు, క్రింది ఉద్యోగుల అక్రమములును దానికి మూలములని ఆయన కనుగొనెను. తరువాత ఆయనకు ఉత్తర సర్కారు లన్నిటిపై కమీషనరు పదవి లభించెను. 1854 వరకు ఆ పదవిలో నుండెను. 1850లో గంజాము జిల్లాలో, ఋషికుల్యా నదీతీరమునగల జౌగడ కొండపైని అశోకుని శాసనమునకు ఆయన ప్రతి తీసెను. అశోకుని లిపిని జేమ్సు ప్రిన్సెప్ చదివి అప్పటికి పదమూడేండ్లు మాత్రమే అయ్యెను. ఆ ప్రిన్సెప్ కలకత్తా టంకసాలలో నాణెముల లోహమును పరీక్షించు అధికారియే యనుట గమనింపదగినది. ఇలియట్ దృష్టి రాళ్లపైననే నిలువలేదు. తెలుగుదేశములోని మొక్కల తెలుగు పేర్లను కూర్చి 1859లో ఒక గ్రంథమునే ప్రకటించెను.

గుంటూరు విచారణ కాలముననే ఆయన అమరావతి స్తూపమును త్రవ్వించి శిల్పములను మద్రాసునకు పంపెను. అవి చాలకాలము అచ్చట ఎండకు వానకు పడియుండి, 1859లో లండనునకు తరలింపబడెను; నేడు బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. ఇలియట్ సేకరించిన నాణెములును తుదకు ఆ మ్యూజియమునకే చేరినవి. మన సంపద మనకు దూరమైనదను బాధ ఒకటి; వేరొక నష్టమును కలదు. కదలింపబడిన శిల్పములలో పెక్కింటికి స్తూపమున అసలు స్థాన మేదో నిర్ణయించుట పండితులకు నేటికిని కష్టమే. వస్తువు మిగిలినను, దాని చోటు తెలియనిచో దాని చరిత్రలో సగము పోయినట్లే. ఆయనను గౌరవించుచునే ఈ మాటను మేము చెప్పుచున్నాము.

1858 నవంబరు 1వ తేదీన, కంపెనీ పాలన ముగిసి విక్టోరియా రాణి పాలన వచ్చినదను ప్రకటనను మద్రాసులో వెలువరించుటలో, గవర్నరు హారిస్ అస్వస్థుడై యున్నందున, పెద్ద సభ్యుడైన ఇలియట్ ముందు నిలిచెను. ఆ మార్పు మన యిండ్లలోని నాణెములపై స్పష్టముగా కనబడును. 1835లో దేశమంతటికి ఒకే రూపాయిగా వెలువడిన నాణెముపై నాలుగవ విలియము బొమ్మయు, వెనుక కంపెనీ పేరును ఉండును. 1840 నుండి విక్టోరియా బొమ్మ వచ్చెను. 1862 నుండి కంపెనీ పేరు పోయెను. 1877 నుండి రాణి యనుటకు మారుగా చక్రవర్తిని యను బిరుదు వచ్చెను. అంతకుముందు ఉత్తర సర్కారుల కొరకే బర్మింగుహాములో 1794లో ముద్రింపబడిన రాగినాణెములు కలవు. వానిపై రూపాయకు నలుబదియెనిమిది యని ఇంగ్లీషులో నుండును. మద్రాసు టంకసాలలో 1807 ప్రాంతమున ముద్రించిన వెండి అరవరహాపై ఇంగ్లీషు, పారసీ, తమిళ లిపులతోపాటు మన తెలుగు అక్షరములును కలవు. తెలుగు చదువనేర్చిన బాలుడు అట్టి నాణెమును తానే చదువగలడు.

ఇలియట్ 1860లో ఉద్యోగము విరమించి స్కాట్లండులోని వుల్ఫ్‌లీయను తన పితృగృహమును చేరెను. వృద్ధాప్యములో ఆయన చూపు క్షీణించి తుదకు పోయినంత పనియయ్యెను. నాణెముల పండితునకు ఇంతకన్న పెద్ద కష్ట మేమున్నది? అయినను ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట, ఇతరుల కన్నుల సాయముతో దక్షిణ భారత నాణెములను గూర్చిన తన మహాగ్రంథమును పూర్తిచేసెను. అది 1886లో లండనులో అచ్చయ్యెను. 1887 మార్చి 1వ తేదీ ఉదయము తమిళ కురళ్ ముద్రణను గురించి పోప్ పండితునకు ఒక లేఖ చెప్పి వ్రాయించి, తన చేతితో సంతకము చేసెను. ఆ సాయంకాలమే పరమపదించెను.

ఈ జీవితమునుండి మనము చేయదగిన పనులు కలవు. ఇంటిలో పాత నాణెము కనబడినచో చింతపండుతో తోమరాదు. తోమిన అక్షరము లరుగును. ఎచ్చట, ఎవరికి దొరకెనో కాగితముపై వ్రాసి ఉంచవలెను. 1840 నుండి వచ్చిన విక్టోరియా కాలపు వెండి రూపాయి సరిగా ఒక తులము, అనగా సుమారు 11.66 గ్రాములు తూగవలెను. దానిలో పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. అయస్కాంతమునకు అంటుకొన్నచో అది వెండి కాదు. కంపెనీ పేరును, 1818 వంటి సంవత్సరమును గలిగి సీతారాముల బొమ్మలతోనో, ఆంజనేయుని బొమ్మతోనో కనబడు రాగిబిళ్లలను కంపెనీవారు నాణెములుగా ముద్రింపలేదు. బియ్యపుగింజలను లాగుననియు, కోట్లు పలుకుననియు చెప్పి వానిని అమ్మజూపువారు మోసగాండ్రు. భూమిలో పాత నాణెముల నిధి దొరకినచో 1878 నాటి చట్టమును బట్టి కలెక్టరునకు తెలుపవలెను.

కన్ను పోయిన వృద్ధుడు నాణెమునుండి చరిత్ర నెరుగగా, కన్నులును అక్షరములును గల మన పిల్లలు తమ ముంగిటనున్న దానిని చదువకుండుట తగదు. ఈ వారమే ప్రతి విద్యార్థియు తన యింటి పెద్దలనడిగి, ఒక్క పాత నాణెముపై నున్న అక్షరములను తన పుస్తకములో వ్రాసికొని రావలెనని మేము కోరుచున్నాము. నాణెమును మాత్రము ఇంటనే భద్రముగా నుంచవలెను.